తెల్ల పూలకు నందివర్ధనం కొమ్మ చాలు

మా అనంతపురం ఎండలకు, బోరు నీళ్లకు మల్లె ఆకులు పసుపెక్కిపోతుంటాయి. పూసినా ఆ ఎండాకాలం వరకే. పూజకు ఏడాది పొడవునా తెల్ల పూలు కావాలంటే నందివర్ధనం మేలు. కొనక్కర్లేదు, పక్కింట్లో చెట్టుంటే ఒక కొమ్మ అడగండి.

పెన్సిల్ లావు కొమ్మ, మరీ లేతది కాకుండా, జానెడు ముక్క కణుపు కింద కోయాలి. పాలు కారతాయి, కడిగేసి గంటసేపు నీడలో ఆరనివ్వండి. ఆ పాలు కంట్లో పడకుండా చేతులూ కడుక్కోండి. పైన రెండాకులు ఉంచి మిగతావి తుంచేసి, ఎర్రమట్టి, ఇసుక సమంగా కలిపిన పాల కవర్లో సగం వరకు గుచ్చాలి. కవరు అడుగున నాలుగు చిల్లులు తప్పనిసరి. నీడలో ఉంచి, తడి ఆరకుండా చూస్తే నెల, నెలన్నరలో వేళ్లు పడతాయి. ఈలోపు పీకి చూడొద్దు (మా ఇంట్లో ఈ ఆత్రం పిల్లలకన్నా పెద్దవాళ్లకే ఎక్కువ). రెండు మూడు కొమ్మలు పెడితే ఒకటి పోయినా ఫర్వాలేదు.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. వడగాలికి వేరు పట్టకముందే కొమ్మ ఎండిపోతుంది. వానలు మొదలయ్యాక, జూలై నుంచి సెప్టెంబర్ లోపు అయితే బాగా నాటుకుంటాయి.