మైల్స్ టికెట్ ఒకటి, కొన్న టికెట్ ఒకటి: ఎక్కడ తెగుతుంది, ఎలా సరిచేయాలి

మైల్స్‌తో, అంటే విమాన సంస్థల ప్రోగ్రాముల్లో పోగేసుకునే పాయింట్లతో, దొరికే మంచి సీట్లు మనం బయలుదేరాలనుకున్న ఊరి నుంచి అరుదుగా ఉంటాయి. లండన్ నుంచో, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచో, సింగపూర్ నుంచో ఉంటాయి. అందుకే చాలామంది దూరప్రయాణానికి మైల్స్ వాడి, ఆ పెద్ద విమానాశ్రయం దాకా వెళ్లే చిన్న విమానానికి విడిగా డబ్బు పెట్టి టికెట్ కొంటారు. పద్ధతి మంచిదే, చాలాసార్లు వేరే దారి కూడా ఉండదు. కాకపోతే ఈ రెండు టికెట్లలో ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. రెండు పీఎన్‌ఆర్‌లు అంటే రెండు వేర్వేరు ఒప్పందాలు. రెండు విమానాలూ ఒకే కంపెనీవైనా అంతే.

మొదటే చూసుకోవాల్సింది ఇంకొకటుంది: ఏ టికెట్ ముందు, ఏది వెనుక? కొన్న విమానం ముందుండి, మైల్స్ విమానం వెనుక ఉంటే, తేడా వచ్చినప్పుడు పోయేది మళ్లీ దొరకని సీటు. మైల్స్ విమానం ముందుంటే పోయేది ఆ చిన్న టికెట్ డబ్బు మాత్రమే. కాబట్టి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే రకం జాగ్రత్త అనవసరం. టెన్షన్ ఏదైనా ఉంటే అది మొదటి రకం మీద పెట్టండి.

సమస్య: మొదటి విమానం ఆలస్యం, మైల్స్ విమానం అందేలా లేదు

కారణం: ఒకే టికెట్ మీద ఉంటే మిమ్మల్ని తర్వాతి విమానంలో పంపాల్సిన బాధ్యత కంపెనీదే. రెండు టికెట్ల మీద ఉంటే, మీ కొన్న విమానం ఆలస్యమైందన్నది మైల్స్ విమానం వాళ్ల లెక్కలో మీ సొంత సమస్య. గేటు మూసేసరికి మీరు లేకపోతే నో-షో, అంటే రాలేదని లెక్క. అక్కడితో ఆగదు. ఒక టికెట్‌లో ముందు విమానం ఎక్కకపోతే, అదే టికెట్ మీద మిగిలిన విమానాలన్నీ రద్దవుతాయి. రానూపోనూ ఒకే మైల్స్ టికెట్ అయితే తిరుగు ప్రయాణం కూడా పోతుంది.

పరిష్కారం: విమానం బయలుదేరే సమయం మీకు గీత. మామూలుగా గీతకు ముందు ఫోన్ చేస్తే అది మార్పు, తర్వాత చేస్తే నో-షో. అందనే అందదని తేలిపోయాక ఆశ పెట్టుకుని కూర్చోకండి. మొదటి విమానం ఎక్కకముందే, మైల్స్ ప్రోగ్రామ్ వాళ్లకు ఫోన్ చేసి అదే రోజో మర్నాడో సీటుందేమో అడగండి. లైన్ కలవకపోతే యాప్‌లో రద్దు చేయడం నయం, చాలా ప్రోగ్రాముల్లో కనీసం మైల్స్ వెనక్కి వస్తాయి. అమెరికాలోని మూడు పెద్ద సంస్థలు మైల్స్ వెనక్కి వేయడానికి తీసుకునే రుసుమును 2020 నుంచి చాలావరకు ఎత్తేశాయి. మిగతా ప్రోగ్రాములు చాలావాటిలో కొంత రుసుము ఉంటుంది, అయినా సీటూ మైల్స్ రెండూ పోవడం కంటే మేలే. ఒక్కటి గుర్తుంచుకోండి: రానూపోనూ ఒకే టికెట్ అయితే యాప్‌లో రద్దు నొక్కితే రెండూ పోతాయి. అలాంటప్పుడు ఎంతసేపైనా ఫోన్‌లోనే ప్రయత్నించాలి.

విమానం వెళ్లిపోయాక చేరుకున్నారా? కౌంటర్ దగ్గర మర్యాదగా అడిగి చూడండి. అమెరికా సంస్థల్లో, బయలుదేరిన రెండు గంటలలోపు వచ్చినవాళ్లను తర్వాతి విమానంలో స్టాండ్‌బైగా, అంటే సీటు ఖాళీ ఉంటే ఎక్కించేలా, పెట్టే అలవాటు ఉంది. దాన్ని ఫ్లాట్ టైర్ రూల్ అంటారు. అది హక్కు కాదు, కౌంటర్‌లో ఉన్న మనిషి దయ. గొంతు పెంచితే ఆ దయ కూడా ఉండదు.

ముందే తప్పించుకునే దారులు రెండు. మొదటిది, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి విడివిడిగా మైల్స్ టికెట్లు తీసుకోవడం. చాలా ప్రోగ్రాముల్లో ఇప్పుడు ఒకవైపు ప్రయాణానికి సగం మైల్సే అవుతాయి కాబట్టి నష్టం లేదు. ఒకటి తెగినా రెండోది నిలుస్తుంది. రెండోది, మధ్యలో ఎంత సమయం ఉంచాలన్నది. వియన్నాలో 25 నిమిషాలు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 45 నిమిషాలు కనెక్షన్‌కు చాలని చెబుతారు. అవి ఒకే టికెట్ మీద, బ్యాగు వాళ్లే మార్చే ప్రయాణికుల లెక్కలు. మీకు పనికిరావు. నేనైతే గంటలు లెక్కపెట్టను. కొన్న విమానం రద్దయితే దాని తర్వాత ఇంకో విమానం ఉందా, అది ఎక్కినా మైల్స్ విమానం అందుతుందా అని చూస్తాను. ఉంటే అదే రోజు ప్రయాణం ఫరవాలేదు. లేకపోతే, ముఖ్యంగా అవతల ఉన్నది ఎన్నాళ్లో పోగేసిన మైల్స్‌తో తీసుకున్న బిజినెస్ క్లాస్ సీటైతే, ముందురోజే చేరుకుని హోటల్‌లో పడుకోవాలి. ఆ హోటల్ ఖర్చును టికెట్ ధరలో భాగంగానే చూడండి.

సమస్య: బ్యాగు చివరిదాకా పంపం అంటున్నారు

కారణం: బ్యాగును ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు అప్పజెప్పడానికి ఇద్దరి మధ్య ఒప్పందం ఉండాలి. ఒప్పందం ఉన్నా వేర్వేరు బుకింగ్‌లకు దాన్ని వర్తింపజేయాలని లేదు. వన్‌వరల్డ్ కూటమి 2016లో దీన్ని సభ్య సంస్థల ఇష్టానికి వదిలేసింది, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఆ ఏడాదే మానేసింది. చవక విమానాల్లో చాలావాటికి అసలు ఇలాంటి ఒప్పందాలే ఉండవు.

పరిష్కారం: చెక్-ఇన్‌లో బ్యాగు బెల్టు మీద పెట్టకముందే రెండో టికెట్ చూపించి అడగండి. ఒప్పుకున్నారంటే మాట నమ్మి వదిలేయకుండా ట్యాగ్ చదవండి. దాని మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న మూడక్షరాల కోడ్ బ్యాగు ఆఖరి గమ్యం. మధ్యలో మారే విమానాశ్రయం చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద అక్షరాల్లో మధ్య విమానాశ్రయం కోడే కనిపిస్తే, అక్కడ దిగి బెల్టు దగ్గర నిలబడాల్సింది మీరే. మీ చేతికిచ్చే చిన్న చీటీ మీద కూడా అదే కోడ్ ఉండాలి. బ్యాగు బెల్టు మీద లోపలికి కదిలాక దీని గురించి వాదించి లాభం లేదు.

అమెరికాలో దిగితే ఇంకో మెలిక ఉంది. ట్యాగ్ చివరిదాకా ఉన్నా, మామూలుగా మొదటి విమానాశ్రయంలోనే బ్యాగు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి.

అన్నిటికీ తేలికైన మందు, చేతి బ్యాగుతో వెళ్లడం. కుదరదంటే బ్యాగు తీసుకుని మళ్లీ ఇచ్చేందుకు పట్టే సమయం కూడా లెక్కలో వేయండి. అంతర్జాతీయ విమానాలకు చాలాచోట్ల గంట ముందే బ్యాగులు తీసుకోవడం ఆపేస్తారు. అంటే మీ అసలు గడువు విమానం టైమ్ కాదు, అంతకు గంట ముందు.

మొదటి విమానంలో బ్యాగు రాకపోతే, అక్కడే ఫిర్యాదు రాయించి, బ్యాగు పంపాల్సిన చోటుగా మీ ఆఖరి గమ్యం చిరునామా ఇవ్వండి. అంతర్జాతీయ విమానాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పాడైన బ్యాగుకు 7 రోజుల్లో, ఆలస్యంగా అందినదానికి అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ చేయాలి. 2024 డిసెంబర్ 28 నుంచి బ్యాగుల విషయంలో పరిహారానికి పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కకట్టే కరెన్సీ యూనిట్).

సమస్య: మధ్యలో దిగే దేశానికి వీసా లేదని మొదటి విమానమే ఎక్కనివ్వడం లేదు

కారణం: చెక్-ఇన్ కంప్యూటర్‌కు మీ టికెట్ ఎక్కడ ఆగితే అదే మీ గమ్యం. ఆ తర్వాత మీకు ఇంకో టికెట్ ఉందని దానికి కనిపించదు. పైగా బ్యాగు తీసుకోవాలంటే మీరు నిజంగానే ఇమిగ్రేషన్ దాటి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అప్పుడు వీసా అడగడం సబబే.

పరిష్కారం: రెండో విమానానికి ఆన్‌లైన్‌లో ముందే చెక్-ఇన్ చేసి, బోర్డింగ్ పాస్ ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా పెట్టుకోండి. చెక్-ఇన్ బ్యాగు లేదని, ట్రాన్సిట్ ప్రాంతం దాటి బయటికి వెళ్లనని చెప్పండి. సిబ్బంది టిమాటిక్ అనే వీసా నిబంధనల డేటాబేస్ చూసి నిర్ణయిస్తారు. తోసిపుచ్చితే మళ్లీ ఒకసారి ట్రాన్సిట్ ప్రయాణికుడిగా చూడమని అడగండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

కొన్ని చోట్ల ఈ ఉపాయం పారదు. అమెరికాలో బయటికి రాకుండా విమానం మారే ఏర్పాటు లేదు, మారడానికి కూడా వీసా గానీ, ఎస్టా (వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) గానీ ఉండాల్సిందే. షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాలు) ఒకదాంట్లో దిగి ఇంకో షెంగెన్ దేశానికి వెళ్తే మొదటిచోటే సరిహద్దు తనిఖీ అవుతుంది. విమానాశ్రయాలే మారాల్సి వస్తే, అంటే లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కడం, టోక్యోలో నరితాలో దిగి హనెడాలో ఎక్కడం లాంటివైతే, బయటికి రాక తప్పదు. మైల్స్ సీటు దొరికిన సంబరంలో విమానాశ్రయం పేరు చూడకుండా ఊరి పేరు చూసి చిన్న విమానం కొనేస్తుంటారు. డబ్బు కట్టే ముందు ఒక్కసారి కోడ్ చూసుకోండి.

సమస్య: నెలల ముందు సరిగ్గా కుదిరిన టైమ్ ఇప్పుడు కుదరడం లేదు

విమాన సంస్థలు టైమ్‌టేబుల్ మారుస్తూనే ఉంటాయి. మైల్స్ టికెట్లు ఏడాది ముందే తీసుకుంటారు కాబట్టి ఈ దెబ్బ వాటికే ఎక్కువ. మైల్స్ విమానం మూడు గంటలు ముందుకు జరిగితే, కొన్న టికెట్ వాళ్లకు దానితో సంబంధం లేదు. రద్దు చేసినా డబ్బు రాని టికెట్ అయితే ఇక అంతే.

ముందు మైల్స్ సీటు ఖాయం చేసుకోండి, కొన్న టికెట్ ఆ తర్వాతే. అది కూడా వీలైనంత ఆలస్యంగా, లేదా రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చే రకంలో. ధర పెరుగుతుందన్న భయంతో ముందే కొనేసేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు. మార్పు జరిగిపోయాక మాత్రం, మారిన టికెట్ వాళ్లనే అడగాలి, మారని టికెట్ వాళ్లను కాదు. అమెరికాకు వచ్చే, అక్కడి నుంచి వెళ్లే, అక్కడే తిరిగే విమానాలకైతే 2024 అక్టోబర్ నుంచి నిబంధన స్పష్టంగా ఉంది: దేశీయ ప్రయాణంలో 3 గంటలు, అంతర్జాతీయ ప్రయాణంలో 6 గంటలు టైమ్ మారితే, వద్దనుకున్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఇతర చోట్ల సంస్థ నియమాల మీద ఆధారపడాలి, కానీ మార్పు వాళ్లదైనప్పుడు అడిగితే మైల్స్ సీటును మర్నాటికో ముందురోజుకో ఉచితంగా జరపడం మామూలే.

సమస్య: పీఎన్‌ఆర్ ఉంది, కానీ "టికెట్ లేదు" అంటున్నారు

ఒక ప్రోగ్రామ్ మైల్స్‌తో ఇంకో సంస్థ విమానంలో సీటు తీసుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. పీఎన్‌ఆర్ అంటే సీటు పట్టి ఉంచారని, టికెట్ నంబర్ అంటే డబ్బూ మైల్సూ తీసుకుని ఖాయం చేశారని. టికెట్ నంబర్ 13 అంకెలు ఉంటుంది, మొదటి మూడూ టికెట్ ఇచ్చిన సంస్థవి: 014 ఎయిర్ కెనడా, 016 యునైటెడ్, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్, 618 సింగపూర్ ఎయిర్‌లైన్స్. ఎయిర్ కెనడా పాయింట్లతో లుఫ్తాన్సా విమానం ఎక్కితే మీ నంబర్ 014తో మొదలవుతుంది. లుఫ్తాన్సాకు ఫోన్ చేస్తే వాళ్లు ఎయిర్ కెనడాను అడగమనడం అందుకే. ప్రయాణం రోజు విమానాశ్రయంలో మాత్రం విమానం నడిపే సంస్థే దిక్కు.

బుక్ చేసిన మర్నాటికి కూడా 13 అంకెలు ఈమెయిల్‌లో రాకపోతే మైల్స్ ప్రోగ్రామ్‌కు ఫోన్ చేయండి. విమానం నడిపే సంస్థ వాళ్ల సొంత పీఎన్‌ఆర్ కూడా అడిగి తీసుకుని, వాళ్ల సైట్‌లో తెరిచి చూడండి. రెండు చోట్లా ఖాయమని కనిపించేదాకా కొన్న టికెట్ జోలికి వెళ్లకండి.

బరువు, పన్ను, పరిహారం

మైల్స్ విమానంలో 23 కిలోల బ్యాగులు రెండు ఉచితం, కొన్న విమానంలో ఒక్కటీ లేదు అనుకోండి. ఇది లోపం కాదు, ఏ టికెట్ లెక్క దానిదే. తక్కువ ఉన్నదాని ప్రకారం సర్దుకోండి, లేదా ఆన్‌లైన్‌లోనే అదనపు బరువు కొనండి. కౌంటర్‌లో ధర ఎక్కువ.

మైల్స్ టికెట్ మీద పన్నులు ఊహించనంత వస్తే, అది ఎక్కడ మొదలవుతోందో చూడండి. బ్రిటన్ మీదుగా ఒకే టికెట్‌పై 24 గంటల్లోపు విమానం మారేవాళ్లకు అక్కడి ప్రయాణికుల పన్ను పడదు. లండన్ దాకా విడిగా వచ్చి అక్కడ మైల్స్ టికెట్ మొదలుపెడితే పూర్తిగా పడుతుంది, బిజినెస్ క్లాస్‌కు ఇంకా ఎక్కువ.

ఆలస్యానికీ రద్దుకూ పరిహారం ఇప్పించే ఐరోపా సమాఖ్య 261 నిబంధన మైల్స్ టికెట్లకూ వర్తిస్తుంది, ఉచిత టికెట్ అని కొట్టిపారేస్తే ఒప్పుకోకండి. దూరాన్ని బట్టి 250, 400 లేదా 600 యూరోలు. కానీ మీ రెండు టికెట్లను ఒకే ప్రయాణంగా లెక్కించరు. కొన్న విమానం గంట ఆలస్యమై దూరప్రయాణం పోయినా, ఆ టికెట్ గమ్యానికి గంట ఆలస్యమే, పరిహారానికి 3 గంటలు కావాలి. కివి.కామ్ లాంటి సైట్లు విడి విమానాలు కలిపి అమ్మి తమ హామీ ఇస్తాయి, అదీ వాళ్లు అమ్మిన టికెట్లకే. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో మిస్డ్ కనెక్షన్ అన్న మాట ఉంటే సరిపోదు, వేర్వేరు టికెట్లకు కూడా వర్తిస్తుందని రాసి ఉండాలి.

అసలు రెండో టికెట్ లేకుండా చేయగలమా?

కొన్నిసార్లు చేయగలం. ప్రయాణం దగ్గరపడ్డాక చిన్న విమానాల్లో మైల్స్ సీట్లు తెరుచుకుంటాయి. వారానికోసారి వెతుకుతూ ఉండండి. కనిపిస్తే ప్రోగ్రామ్‌కు ఫోన్ చేసి దాన్ని మీ మైల్స్ టికెట్‌లోనే కలపమని అడగండి. ప్రాంతాన్ని బట్టి ధర పెట్టే ప్రోగ్రాముల్లో ఒక్కోసారి అదనపు మైల్స్ కూడా పడవు. కలిస్తే బ్యాగు, ఆలస్యం బాధ్యత అన్నీ ఒకే టికెట్ కిందికి వచ్చేస్తాయి, కొన్న టికెట్ డబ్బు పోయినా గిట్టుబాటే. ఒక్క జాగ్రత్త: టికెట్ మార్చేటప్పుడు ఏజెంట్ పాత సీటు వదిలేసి కొత్తగా పట్టబోతే, ఈలోగా ఆ దూరప్రయాణం సీటు ఇంకెవరికో వెళ్లిపోవచ్చు. పాతది ముట్టకుండా కొత్త భాగం ఖాయమైందని వాళ్ల నోట విన్నాకే సరే అనండి.