సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) నుంచి ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్): ముందు లాగ్‌బుక్ సరిచూసుకోండి

2025 జనవరి 1 నుంచి 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం అమల్లోకి వచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సూ మొదలైంది. విజయవాడలో ఉన్నా ఏటీపీఎల్ దరఖాస్తు డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) వారి ఈజీసీఏ పోర్టల్‌లోనే.

కనీసం 21 ఏళ్ల వయసు, మొత్తం 1500 గంటల ఫ్లయింగ్, క్లాస్ 1 మెడికల్, డీజీసీఏ పేపర్లలో 70 శాతం మార్కులు ఉండాలి.

ఎక్కువ తిప్పలు లాగ్‌బుక్ (ఎగిరిన గంటల రికార్డు) దగ్గరే. గన్నవరంలో తెల్లవారుజామున 4 గంటలకు లేచిన విమానం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ముందురోజు 22:30. కాగితంలో ఒక తేదీ, ఈ-లాగ్‌బుక్‌లో మరో తేదీ పడితే రెండింటికీ పొంతన కుదరదు. అందుకే రాత్రి గంటలు, పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్) గంటలు పేజీపేజీకీ విడిగా కూడండి. తేడా దొరికితే దరఖాస్తుకు ముందే సరిచేయించండి. పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరూ దరఖాస్తులోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.