తెలుగులో మాటల ఆట రాసుకుందాం – 4వ పాఠం: రొట్టె చేతులు మారేదెలా

మాటల ఆట అంటే మనం టైపు చేసిన మాటకి కంప్యూటర్ మాటల్లోనే జవాబిస్తూ నడిపే ఆట. పోయిన పాఠంలో చెరువు కట్ట, దర్గా ముందు, నీళ్ల మెట్లు అని మూడు చోట్లు కట్టుకుని వాటి మధ్య తిరగడం నేర్చుకున్నాం. వట్టి చేతులతో ఎంతసేపని తిరుగుతాం? ఈసారి రొట్టె తీసుకోవాలి, ఇవ్వాలి.

నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం రొంత చెప్తాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుని తింటారు. తమది తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె అని పేరు పెట్టి మరీ అడుగుతారు. పనంతా ఇవ్వడం, తీసుకోవడమే కాబట్టి మన ఆటకి సరిగ్గా సరిపోయింది.

ముందు రొట్టె ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. మొదట్లో నేను ఆటలో రొట్టె ఇచ్చే అవ్వకి ఒక లిస్టు, ఆటగాడికి ఒక లిస్టు పెట్టాను. తీసుకున్నప్పుడు ఆటగాడి లిస్టులో చేర్చాను గానీ అవ్వ లిస్టులోంచి తీసెయ్యడం మర్చిపోయా. ఒక్క రొట్టె పది రొట్టెలైంది! లిస్టులు వద్దు. ప్రతి వస్తువుకీ ‘ఎక్కడుంది’ అని ఒక్క గడి పెట్టండి చాలు.

రొట్టె: ఎక్కడుంది = అవ్వ

తీసుకుంటే ఆ గడిలో ‘నువ్వు’ అని మారుతుంది. ఒక గడిలో ఒక పేరే పడుతుంది కాబట్టి రొట్టె రెండు చోట్ల ఉండే ప్రమాదమే లేదు.

ఇక అసలు తిప్పలు ఆటగాడి మాట అర్థం చేసుకోవడంలో ఉన్నాయి. 1976లో విల్ క్రౌథర్ ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన గుహల ఆటతో ఈ రకం ఆటలు జనంలోకి వచ్చాయి. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ దాన్ని ఇంకా పెంచాడు. అందులో రెండు మాటలు టైపు చేస్తే చాలు, పని ముందు, వస్తువు తర్వాత. ఇంగ్లీషు వరస అది. నేనూ ఆ పద్ధతే పట్టుకుని మొదటి మాటని పని అనుకున్నాను. ‘రొట్టె తీసుకో’ అంటే ‘రొట్టె చెయ్యడం నాకు రాదు’ అని జవాబిచ్చింది నా ఆట. మన భాషలో పని చివర కదా వచ్చేది! అందుకని వెనక నుంచి చదవాలి.

అదీ పూర్తిగా కుదరలేదు. మా పిన్నిని ఆడమని కూర్చోబెడితే ‘రొట్టె ఇయ్యి అవ్వా’ అని కొట్టింది. చివరి మాట ‘అవ్వా’. ‘మనిషి మాట్లాడినట్టు మాట్లాడితే నీ ఆటకి అర్థం కాదేంది అబ్బయా’ అంది. తప్పు నాదే. చివరి మాట మన పనుల పట్టికలో లేకపోతే దాని ముందుది చూడాలి, అదీ కాకపోతే ఇంకా ముందుది. పనుల పట్టికలో కూడా ఇవ్వు, ఇయ్యి, ఈ, ఇచ్చెయ్ అన్నీ ఒకే పనికి రాసుకోండి. పిన్ని అవ్వనే ‘ఇయ్యి’ అని అడుగుతోంది కాబట్టి అది మనకి ‘తీసుకో’ కిందికి రావాలి. దీనికి చిన్న కిటుకుంది: రొట్టె మన చేతిలో లేనప్పుడు ‘ఇయ్యి’ అంటే అడుగుతున్నట్టే.

ఇప్పుడు ఎవరికి ఇవ్వాలి? ‘పాపకి రొట్టె ఇవ్వు’, ‘రొట్టె పాపకి ఇవ్వు’ రెండూ మనకి ఒకటే. వరస పట్టించుకోకుండా ‘కి’, ‘కు’ల కోసం చూస్తే సరి.

మాటలు = వాక్యాన్ని ఖాళీల దగ్గర విడగొట్టు
పని = వెనక నుంచి వెతికితే పట్టికలో మొదట దొరికింది
మిగతా ఒక్కో మాటకి:
– పేర్ల పట్టికలో ఉంటే అలాగే తీసుకో
– లేకపోతే, చివర ‘కి’ గానీ ‘కు’ గానీ ఉంటే కోసేసి మళ్లీ వెతుకు. దొరికితే ఇవ్వాల్సింది ఆ మనిషికే
– అప్పటికీ దొరక్కపోతే వదిలెయ్

ఈ వరస మార్చకండి. ముందే కోసేస్తే ‘చెరుకు తీసుకో’ అన్నప్పుడు ‘చెరు ఇక్కడ లేదు’ అంటుంది. ఇంకో సంగతి, కోసేటప్పుడు రెండు అక్షరాలు కొయ్యాలి. మన కంటికి ‘కి’ ఒక్క అక్షరమే గానీ కంప్యూటర్ లెక్కలో క ఒకటి, గుడి ఒకటి. నేను ఒక్కటే కోసి ‘పాపక ఎవరో తెలియదు’ అనే జవాబు చూసి గంటసేపు తల పట్టుకున్నా.

‘కుర్రాడికి’ దగ్గర ఇది పనిచెయ్యదు, కోస్తే ‘కుర్రాడి’ మిగులుతుంది. పేర్ల పట్టికలో కుర్రాడు పక్కనే ‘కుర్రాడి’ కూడా రాసేస్తే అయిపోతుంది. వ్యాకరణమంతా కోడ్‌లో పెట్టాలని చూడొద్దు, ఇలాంటి ఆటకి అంత అవసరం లేదు.

మొత్తం కుదిరితే ఇలా నడవాలి:

> రొట్టె ఇయ్యి అవ్వా
అవ్వ కొంగు కింద నుంచి రొట్టె తీసి నీ చేతిలో పెట్టింది.
> రొట్టె కుర్రాడికి ఇవ్వు
కుర్రాడు రెండు చేతులూ చాపి తీసుకున్నాడు.

వచ్చే పాఠానికి ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె వేరుచేసి చూద్దాం. ఈలోగా మీకో పని. తీసుకున్న రొట్టె తినాలి కదా. ‘తిను’ అన్నాక ఆ ‘ఎక్కడుంది’ గడిలో ఏం రాస్తారు? తీరాల్సిన కోరికని ఇంకే గడిలో దాస్తారు?