పదో తరగతి సోషల్ పరీక్షకు పిల్లలను సిద్ధం చేయడం: చివరి పది వారాల పని

సంక్రాంతి సెలవుల తర్వాత సిలబస్ పూర్తయిందని రిజిస్టరులో రాసి, మర్నాడే మొదటి పాఠం తెరిచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టడం మనలో చాలామంది సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులకు అలవాటు. నేనూ కొన్నేళ్ళు అలాగే చేశాను. ఒక ఏడాది ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్దుతున్నప్పుడు, హిమాద్రి, హిమాచల్, శివాలిక్ శ్రేణులను తరగతిలో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లలే అవుట్‌లైన్ మ్యాప్‌లో గోదావరిని తమిళనాడు మీదుగా ప్రవహింపజేయడం చూశాను. ఆ తప్పు పిల్లలది కాదు. ఆ రెండు నెలలూ మాట్లాడింది నేను, బోర్డు మీద రాసింది నేను, పటం గీసింది కూడా నేనే. వాళ్ళు విన్నారు, అంతే. పరీక్ష హాలులో మాత్రం మూడు గంటలపాటు పని చేయవలసింది వాళ్ళ చేతులు. అందుకే జనవరి మధ్య నుంచి పరీక్షల వరకు దొరికే తొమ్మిది, పది వారాల్లో ఉపాధ్యాయుడు తన మాటను సగానికి తగ్గించి, పిల్లల రాతను రెట్టింపు చేయాలన్నది ఇక్కడ నేను చెప్పదలచుకున్న పద్ధతి. హైదరాబాద్‌లో రాష్ట్ర సిలబస్ చదివే పిల్లలను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ముందుగా పేపరు స్వరూపాన్ని పిల్లల చేతికివ్వాలి. ఒకప్పుడు సోషల్ రెండు పేపర్లుగా, రెండు రోజులు జరిగేది. ఒక రోజు రాసి ఇంటికి వచ్చాక రెండో సగం తిరగేసుకునే వీలుండేది. కరోనా తర్వాత పదకొండు పేపర్లు ఆరయ్యాయి, సోషల్ ఒకే పేపరయింది. రుతుపవనాలు, జనాభా, ప్రపంచీకరణ, ప్రపంచ యుద్ధాలు, రాజ్యాంగం, తెలంగాణ ఉద్యమం అన్నీ ఒకే ఉదయం అడుగుతారు. ఈ మార్పు మన పునశ్చరణ పద్ధతిని కూడా మార్చాలి. జనవరిలో భూగోళం, ఫిబ్రవరిలో ఆర్థికం, చివర చరిత్ర అని విడదీసి చదివిస్తే మార్చి నాటికి భూగోళం మరుపున పడుతుంది. దానికి బదులు ప్రతి వారం ఒక భూగోళ పాఠం, ఒక ఆర్థిక పాఠం, ఒక చరిత్ర లేదా పౌరశాస్త్ర పాఠం కలిపి తీసుకోవాలి. శనివారం స్లిప్ టెస్టులో ఆ వారం పాఠాలతో పాటు రెండు, మూడు వారాల కిందటి పాఠం నుంచి ఒక ప్రశ్న తప్పక ఉండాలి. ఆ పాత ప్రశ్న వచ్చినప్పుడు తరగతిలో గొణుగుడు వినిపిస్తుంది, వినిపించనివ్వండి.

మార్కుల విభజనను ఆ ఏడాది విడుదలైన మాదిరి పేపరుతో సరిచూసుకున్నాకే చెప్పాలి. మొత్తం 80 మార్కుల రాతపరీక్షలో పార్ట్-ఎ 60 మార్కులకు, బిట్లున్న పార్ట్-బి 20 మార్కులకు ఉన్న పద్ధతిలో, చివరి అరగంట బిట్లకు పోతే పార్ట్-ఎకి 150 నిమిషాలు మిగులుతాయి. అంటే మార్కుకు రెండున్నర నిమిషాలు. ఆరు మార్కుల జవాబుకు పావుగంట, రెండు మార్కుల జవాబుకు అయిదు నిమిషాలు. ఈ లెక్క బోర్డు మీద ఒకసారి వేసి వదిలేస్తే లాభం లేదు. గోడ గడియారం చూసుకుంటూ పావుగంటలో ఒక పెద్ద జవాబు ముగించడం కనీసం పదిసార్లు చేయించాలి. రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసి, ఆరు మార్కుల ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి సమయం చాలక నాలుగు వాక్యాలతో ముగించేది తెలివైన పిల్లలే ఎక్కువ.

ఆ తర్వాత ప్రశ్నను చదవడం నేర్పాలి, చాలా మార్కులు పోయేది అక్కడే గనక. ఉదాహరణకు, 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం జర్మనీలో నాజీలు అధికారంలోకి రావడానికి ఎలా తోడ్పడిందని అడిగితే, ఎక్కువమంది హిట్లర్ అన్న మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అతని జీవితం, యూదుల ఊచకోత, రెండో ప్రపంచ యుద్ధం, చివరికి 1945లో అతని మరణం వరకు రాసుకుంటూ పోతారు. ప్రశ్న అడిగింది మాంద్యానికీ, నాజీల ఎదుగుదలకూ మధ్య ఉన్న లంకెను. జవాబుకు కావలసిన గొలుసు చిన్నదే. వర్సెయిల్స్ సంధి విధించిన నష్టపరిహారం కింద నలిగిన జర్మనీ అమెరికా అప్పులతో నిలదొక్కుకుంది, 1929లో అమెరికా మార్కెట్ కూలగానే ఆ అప్పులు ఆగిపోయాయి, కర్మాగారాలు మూతపడ్డాయి, నిరుద్యోగం పెరిగింది, ఉన్న ప్రభుత్వాలపై నమ్మకం పోయింది, 1928 ఎన్నికల్లో మూడు శాతం ఓట్లు కూడా రాని నాజీ పార్టీ 1932 జులై నాటికి 37 శాతం ఓట్లు తెచ్చుకుంది, 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. ఇక్కడ కలం ఆపాలి. ఆపడం కూడా నేర్పవలసిన విద్యే.

దీన్ని అభ్యాసం చేయించడానికి జవాబు రాయించనక్కరలేదు. పాత పేపర్ల నుంచి పది ప్రశ్నలు ఇచ్చి, ఒక్కొక్కదాని కింద అది ఏం అడుగుతోందో ఒకే వాక్యంలో రాయించండి. కారణాలా, పరిణామాలా, పోలికా, సొంత అభిప్రాయమా, పేరా చదివి వ్యాఖ్యానించడమా? మన పాఠ్యపుస్తకాలు చెప్పే విద్యా ప్రమాణాలు ఆరూ ఇవే పనులకు పెట్టిన పేర్లు: విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం. గైడు బట్టీ పట్టిన పిల్లవాడు వీటిలో మొదటిదానికి మాత్రమే సిద్ధపడతాడు. మిగిలిన అయిదింటికి గైడులో దొరికేది ఎవరో రాసిన అభిప్రాయం. అదే అభిప్రాయం ముప్పై పేపర్లలో అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తే దిద్దేవారికి విసుగు రాక మానదు.

పట నైపుణ్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే శ్రమకు తగ్గ ఫలితం వెంటనే కనిపించేది ఇందులోనే. ప్రతిరోజూ పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు దీనికి కేటాయించండి. అచ్చు అవుట్‌లైన్ మ్యాప్ కన్నా ముందు, ఖాళీ కాగితం మీద భారతదేశ ఆకారాన్ని స్థూలంగా గీయించండి. తర్వాత 23°30' ఉత్తర అక్షాంశమైన కర్కటరేఖను, మన కాలమానానికి ఆధారమైన 82°30' తూర్పు రేఖాంశాన్ని గీయిస్తే దేశం నాలుగు భాగాలవుతుంది. ఇక మూడో గుర్తు హైదరాబాద్. తన ఊరు ఎక్కడుందో పెట్టగలిగిన పిల్లవాడు మిగతావాటిని దాని నుంచి కొలుచుకుంటాడు: ఊరికి ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ, ఇంకా దక్షిణాన కావేరి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టాయని నోటితో చెప్పించే బదులు, ఆ రెండు చుక్కలు ముందు పెట్టించి, అక్కడి నుంచి బంగాళాఖాతం దాకా గీత లాగించండి. రోజుకు అయిదు గుర్తులు, నలభై రోజులు. వాటిలో మూడు కొత్తవి, రెండు పాతవి. ఆనైముడి శిఖరం, చిల్కా సరస్సు, ఆరావళి, కచ్ లాంటివి ఒక్కొక్కటి కనీసం మూడు సార్లు తిరిగి రావాలి. తప్పు పెట్టిన గుర్తును మనం దిద్దకూడదు, పక్కవాడి పుస్తకంతో, ఆ తర్వాత అట్లాస్‌తో అతనే సరిచూసుకోవాలి.

పటం మీద గీసిన గీతకు కారణం తోడైతే అది మరిచిపోలేనిదవుతుంది. నయాపూల్ మీదుగానో, చాదర్‌ఘాట్ వంతెన మీదుగానో రోజూ బడికి వచ్చే పిల్లలను మూసీ ఏ దిక్కుకు పారుతోందని అడిగి చూడండి. దాని రంగూ వాసనా వెంటనే చెప్తారు, దిక్కు మాత్రం తడుముకుంటారు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, తూర్పుకు సాగి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది దక్కన్ పీఠభూమి పడమటి నుంచి తూర్పుకు వాలి ఉందన్న సంగతికి మన కళ్ళెదుటి రుజువు. ఆ వాలు తెలిసినవాడికి గోదావరి, కృష్ణ, కావేరి ఎందుకు తూర్పుకు పారతాయో వేరే చెప్పనక్కరలేదు. నర్మద, తపతి మాత్రం పగులు లోయల గుండా పడమటికి పోతాయని చెబితే, అది మినహాయింపుగా బుద్ధిలో నిలుస్తుంది. అదే మూసీ 1908లో ముంచెత్తిన వరద, దాని తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ రావడం, నేడు నది ఉన్న స్థితి కలిపితే, నీటి వనరులకూ సుస్థిర అభివృద్ధికీ సొంత ఉదాహరణ దొరుకుతుంది. సమకాలీన అంశంపై అభిప్రాయం అడిగిన ప్రశ్నలో ఇలాంటి ఉదాహరణ రాసినవాడి పేపరు గైడు పేపర్ల మధ్య వేరుగా కనిపిస్తుంది.

ఆర్థిక పాఠాల్లో పిల్లలు తడబడేది స్థూల దేశీయోత్పత్తి లెక్క దగ్గర. ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. అంకెలు ఊహించినవే: రైతు గోధుమలను 10 రూపాయలకు అమ్మాడు, మిల్లు దాన్ని మైదా చేసి 16కు అమ్మింది, బేకరీ బిస్కెట్లు చేసి 40కి అమ్మింది. మూడూ కూడితే 66 వస్తుంది, కానీ గోధుమల విలువను మూడుసార్లు, మైదా విలువను రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. ఒక్కొక్కరు చేర్చిన విలువ 10, 6, 24. మొత్తం 40, అంటే చివరి సరుకు ధర. ఇది పిల్లలచేత వేరే సరుకుతో, వేరే అంకెలతో కట్టించాలి. మన అంకెలే మళ్ళీ రాస్తే నేర్చుకున్నట్టు కాదు.

పట్టికలకు ఒక చిన్న కట్టుబాటు చాలు. పట్టిక ఇవ్వగానే ముందు ఎక్కువ, తక్కువ ఎక్కడున్నాయో ఒక వాక్యం, మార్పు ఏ దిక్కున ఉందో ఒక వాక్యం, దానికి కారణమేమిటో ఒకటి, రెండు వాక్యాలు రాయాలి. దేశంలో వెయ్యి మంది పురుషులకు స్త్రీల సంఖ్య 1951లో 946, 1991లో 927, 2001లో 933, 2011లో 943 అని ఇస్తే, సగం తరగతి పెరుగుతూ వచ్చిందని రాస్తుంది. తగ్గి, మళ్ళీ పెరిగి, అయినా 1951 స్థాయిని అందుకోలేదని గమనించడమే అక్కడ పరీక్షించే నైపుణ్యం.

చరిత్ర తేదీలను జాబితాగా ఇవ్వడం మానాలని నా సలహా. తేదీల మధ్య ఖాళీని పూరించమనండి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది; 1952లో ముల్కీల (స్థానికుల) ఉద్యోగాల కోసం ముల్కీ ఉద్యమం; 1956 ఫిబ్రవరిలో తెలంగాణకు హామీలిచ్చిన పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ; ప్రత్యేక తెలంగాణ కోసం 1969 ఉద్యమం; 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం. ఈ తేదీలను ఒక నిలువు గీత మీద రాయించి, ప్రతి రెండింటి మధ్య ‘ఎందుకంటే’ అని మొదలయ్యే ఒక వాక్యం రాయమనాలి. ఒప్పందంలోని హామీలు, ఉద్యోగాల్లో ముల్కీ రక్షణలు అమలు కాకపోవడం వల్ల 1969 వచ్చిందని తన మాటల్లో రాసిన పిల్లవాడికి ఆ సంవత్సరాన్ని ప్రత్యేకంగా కంఠస్థం చేయించే అవసరం ఉండదు. వీలైతే ఒక శనివారం గన్‌పార్క్‌కు తీసుకువెళ్ళి, 1969లో ప్రాణాలు కోల్పోయినవారి స్థూపం దగ్గర ఆ పేజీ చదివించండి. అసెంబ్లీ ఎదురుగానే ఉంది కాబట్టి శాసనసభ గురించి కూడా రెండు ముక్కలు చెప్పవచ్చు.

ఇన్ని రాతలు దిద్దేదెవరు అన్నది న్యాయమైన ప్రశ్న. నలభై అయిదు మంది పిల్లల పూర్తి జవాబులు రోజూ దిద్దడం ఎవరివల్లా కాదు. రోజుకు ఎనిమిది పుస్తకాలు మాత్రమే తీసుకుని, ఆ రోజే దిద్ది, ఒక్క లోపం మాత్రమే గుర్తు పెట్టి తిరిగి ఇవ్వండి. వారం తర్వాత చేరే ఎర్రసిరా పిల్లవాడికి పనికిరాదు.

ఈ నగరంలో తరగతి ఒకే భాషది కాదు. ఇంట్లో ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే పిల్లలు ఇంగ్లిషు మీడియంలోనో, తెలుగు మీడియంలోనో కూర్చుంటారు. వాళ్ళకు విషయం తెలిసి ఉంటుంది, వాక్యం రాదు. ప్రతి పాఠానికి పదిహేను కీలక పదాలు బోర్డు మీద మూలకు రాసి, ఆ పదాలతో ముందు ఇంటి భాషలో జవాబు చెప్పనిచ్చి, తర్వాత పరీక్ష భాషలో చిన్న వాక్యాలుగా రాయించాలి. ఉత్తీర్ణతకు కావలసిన 35 శాతం కూడా కష్టమనిపించే పిల్లలకు అన్ని పాఠాలూ చెప్పాలనుకోవడం వాళ్ళను చేజేతులా ముంచడమే అవుతుంది. పటం, పట్టిక, బిట్లు, ఎంపిక చేసిన ఏడెనిమిది పాఠాల్లోని చిన్న ప్రశ్నలు గట్టిగా చేయిస్తే వాళ్ళు గట్టెక్కుతారు.

2024, 2025 సంవత్సరాల్లో పరీక్షలు రంజాన్ ఉపవాసాలతో కలిసి వచ్చాయి. అలాంటి ఏడాది సాయంత్రం ప్రత్యేక తరగతులను ఉదయానికి మార్చడం, ఇఫ్తార్ వేళకు పిల్లలు ఇల్లు చేరేలా చూడడం ప్రధానోపాధ్యాయుడితో ముందే మాట్లాడుకోవాలి.

పరీక్షకు ముందు వారం కొత్తదేదీ చెప్పకూడదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, అసలు పరీక్ష వేళల్లోనే, ఒక పూర్తి పేపరు రాయించండి. బిట్ పేపరునూ మ్యాప్‌నూ జవాబు పత్రానికి దారంతో ముడివేయడం కూడా ఆ రోజే వాళ్ళచేత చేయించండి. ఎంతో సరిగ్గా గుర్తించిన మ్యాప్ హడావిడిలో డెస్కు మీదే ఉండిపోయిన సంగతి నా పిల్లల్లోనే ఒకసారి జరిగింది.