లారీ కూలెంటు తాగేస్తోందా? హెడ్డు విప్పకముందే చేయాల్సిన పరీక్షలు

బండి కింద ఒక్క చుక్క కనబడదు. సైలెన్సర్‌లో పొగా మామూలుగానే ఉంటుంది. అయినా ఇంజనును చల్లబరిచే కూలెంటు రెండు రోజులకోసారి దాని ట్యాంకులో లీటరు తగ్గుతుంది. ఇలాంటి బండి షెడ్డుకొస్తే ముందుగా వినబడే మాట, 'హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించాల్సిందే' అని. హెడ్డంటే సిలిండర్ల పైన బిగించే మూత, గ్యాస్కెట్ వాటి మధ్య ఉండే పొర. దించి చూస్తే చాలాసార్లు గ్యాస్కెట్ బాగానే ఉంటుంది, ఖర్చు మాత్రం ఓనరు మీద పడుతుంది. పెద్ద బండిలో కూలెంటు రహస్యంగా పోవడానికి వేరే దారులున్నాయి: ట్యాంకు మూత, బ్రేకు ఎయిర్ కంప్రెసరు, ఈజీఆర్ కూలరు (ఇంజనుకు తిరిగి పంపే పొగను చల్లబరిచేది), ఆయిల్ కూలరు. వీటిని వరసగా తేల్చుకున్నాకే హెడ్డు జోలికి వెళ్ళాలి.

మొదట కొలత. తెల్లవారుజామున ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, బండి సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, ట్యాంకు మీద మార్కరుతో గీత పెట్టండి. పోసేది లీటరు బాటిల్‌తోనే పోయండి. ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు పోశారో, లోడా ఖాళీయా రాసుకోండి. రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు తగ్గుతుంటే ఎక్కడో చల్లని లీకు ఉందనుకోవాలి. లోడుతో ఘాట్ ఎక్కినప్పుడే తగ్గుతుంటే మూతనో, సిలిండర్ల మంట గ్యాస్ కూలెంటులో చేరడాన్నో అనుమానించాలి. ఈ మధ్యే రేడియేటరు దించి నింపి ఉంటే లోపల చిక్కిన గాలి రెండు మూడు ట్రిప్పుల్లో బయటికొచ్చి మట్టం కొంత దిగుతుంది. అది లీకు కాదు. గరిష్ఠ గీత దాటించి పోసినా వేడెక్కి పెరిగిన కూలెంటు మూతలోంచి బయటికి పోతుంది. అదీ లీకు కాదు.

తర్వాత మూత. దాని మీద 0.7, 0.9, 1.1 లాంటి అంకె ఉంటుంది. అది బార్‌లలో ఒత్తిడి. కొన్నిటి మీద పీఎస్‌ఐలో ఉంటుంది. సగం కూలెంటు, సగం నీళ్ళ మిశ్రమం మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీలకు మరుగుతుంది. మూత ఒక బార్ నిలబెడితే 125 దాటేదాకా మరగదు. మూత స్ప్రింగు బలహీనపడితే నడుస్తుండగా ఆవిరిగా చిమ్మి, బండి ఆగేలోపు ఆరిపోతుంది. అందుకే తడి కనబడదు. రబ్బరు సీలు పగిలిందా, మధ్యలోని చిన్న వాల్వు కదులుతోందా, ట్యాంకు మెడ అంచు గీసుకుపోయిందా చూడండి. ఇంజను చల్లారాక పై హోసు పైపు చదునుగా నొక్కుకుపోతే ఆ చిన్న వాల్వు బిగుసుకుందని అర్థం. అనుమానం ఉంటే కంపెనీ చెప్పిన అంకె ఉన్న కొత్త మూతే వేయండి. వేడి మీద మాత్రం మూత తిప్పొద్దు.

ఇప్పుడు చేతిపంపు ప్రెషర్ టెస్టరు. ఇంజను చల్లగా, ట్యాంకు నిండుగా ఉండాలి. మూత మీది అంకె వరకే పంపు కొట్టండి, దాటించొద్దు. టెస్టరు జాయింటు మీద సబ్బు నీళ్ళు రాసి అది కారడం లేదని తేల్చుకోండి. అరగంట చూసి, ముల్లు కదలకపోతే రాత్రంతా అలాగే వదిలేయండి. ఈ ఓపిక లేకపోవడం వల్లే సగం లీకులు దొరకవు. చలికి రబ్బరు ముడుచుకుని హోసు క్లిప్పుల దగ్గర తెల్లవారుజామున కారుతుంది, వేడెక్కాక మూసుకుపోతుంది. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, రేడియేటర్లో ప్లాస్టిక్ ట్యాంకూ అల్యూమినియం కోరూ కలిసే అంచు, స్టార్టరు వెనక దాగిన కోర్ ప్లగ్గులు (ఇంజను బ్లాకు రంధ్రాలు మూసే బిళ్ళలు), హీటరు ఉంటే క్యాబిన్ మ్యాట్ కింద, అన్నీ టార్చితో చూడండి. ఆరిన కూలెంటు తెల్లగానో, దాని రంగులోనో పొడి మరక వదులుతుంది. నడుస్తున్నప్పుడే కారేదైతే ఫ్లోరొసెంట్ డై కలిపి, ఒక ట్రిప్పు తిప్పి, యూవీ లైటుతో వెతకండి.

ముల్లు దిగింది, బయట ఎక్కడా తడి లేదు. అంటే కూలెంటు లోపలికి పోతోంది. ఇక్కడి నుంచి ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిక. ఇంజను నడుస్తుండగా సిలిండర్‌లో మంట ఒత్తిడి పదుల బార్‌లు, కంప్రెసర్‌లో గాలి 8 బార్ పైచిలుకు, ఇంజను ఆయిల్ సుమారు 3 నుంచి 5, కూలెంటు ఒక బార్ చుట్టూ. కాబట్టి నడిచేటప్పుడు ఆ మూడూ కూలెంటులోకి తోస్తాయి. ఆపాక కూలెంటు వాటిలోకి దిగుతుంది.

చాలామంది వదిలేసేది కంప్రెసరే. దాని హెడ్డు కూలెంటుతో చల్లబడే బళ్ళలో, గ్యాస్కెట్ పోతే గాలి కూలెంటులోకి దూరి ట్యాంకు నుంచి పొంగిస్తుంది. అచ్చం ఇంజను హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది. తేడా ఇలా పట్టుకోండి. చక్రాలకు చెక్కలు పెట్టి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు ట్యాంకు మూత తీసి స్టార్ట్ చేసి, ట్యాంకులో బుడగలు చూడండి. బ్రేకు పదిసార్లు తొక్కి గాలి దించండి. కంప్రెసరు లోడు మీద ఉండగా బుడగలొచ్చి, గాలి నిండి అన్‌లోడరు (కంప్రెసరు మీద లోడు దించే వాల్వు) 'ఉస్సు'మనగానే తగ్గిపోతే తప్పు కంప్రెసర్‌దే. రెండు వేళలా ఒకేలా వస్తే ఇంజను వైపు చూడాలి. ఖాయం చేసుకోవడానికి ఎయిర్ ట్యాంకుల్లో గాలి పూర్తిగా వదిలి, కంప్రెసరు డెలివరీ పైపు విప్పి మళ్ళీ స్టార్ట్ చేయండి. బుడగలు ఆగితే సందేహం లేదు. పొద్దున్నే ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ లాగినప్పుడు రంగు నీళ్ళు వచ్చినా ఇదే జబ్బు.

బుడగలు లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది, అయినా తగ్గుతోంది. ఈజీఆర్ ఉన్న బండైతే దాని కూలరు మీదే మొదటి అనుమానం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళలో ఫిల్టర్ల వల్ల తెల్లపొగ బయటికి సరిగా తెలియదు కూడా. రాత్రంతా టెస్టరుతో ఒత్తిడి పెట్టి, పొద్దున స్టార్ట్ చేయకముందే కూలరు పొగ గొట్టం విప్పండి. మసి పొడిగా రాలాలి. కాటుకలా ముద్దగా ఉంటే కూలరు పగిలింది. దించి పరీక్షించేటప్పుడు కూలెంటు దారులు మూసి, వేడినీళ్ళ తొట్టిలో ముంచి, సుమారు 2 బార్ గాలి పెట్టండి. చన్నీళ్ళలో చాలా పగుళ్ళు మూసుకునే ఉంటాయి, కూలరు బాగుందని పొరబడతారు. ఇంకో ప్రమాదం: కూలెంటు సిలిండర్‌లో చేరి ఉంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అనుమానమున్న ఇంజనును ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయొద్దు, ఇంజెక్టర్లు తీసి నీళ్ళు బయటికి పంపండి.

ట్యాంకులో నూనె తేలుతుంటే ముందు ఆయిల్ కూలరు. కూలెంటు ఆయిల్‌లోకి పోతోందా అన్నది తెలియాలంటే, రాత్రంతా నిలిచిన బండి చాంబరు (ఇంజను కింది ఆయిల్ తొట్టి) డ్రెయిన్ నట్టు మెల్లగా వదులు చేసి గాజు గ్లాసులో పట్టండి. కూలెంటు బరువు కాబట్టి కలవకుండా ఉన్నది ముందు వస్తుంది. వానాకాలంలో ఆయిల్ పోసే మూత కింద మాత్రమే పాలలా కనబడేది తేమే, దానికి కంగారు వద్దు. వెట్ లైనర్లు (బయటివైపు కూలెంటు తగిలే విడి సిలిండరు గొట్టాలు) ఉన్న ఇంజనుకు చాంబరు విప్పి, టెస్టరు ఒత్తిడి పెట్టి, ప్రతి సిలిండరు కింద పొడి కాగితం పరిస్తే ఏ లైనరు కారుతోందో తెలుస్తుంది. జంషెడ్‌పూర్‌లో తయారైన కమిన్స్ 5.9 లీటర్ల బి సిరీస్‌లో విడి లైనర్లే లేవు, ఈ పని అక్కర్లేదు. మిగతావాటిలో బోరు నీళ్ళు, మందు తగ్గిపోయిన కూలెంటు వాడితే లైనరు బయటి గోడకు సూదిబెజ్జాలు పడతాయి.

ఇవన్నీ దాటాకే హెడ్డు. చల్లని ఇంజను స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోసు రాయిలా గట్టిపడటం గట్టి గుర్తు. నీలి ద్రవంతో చేసే గ్యాస్ పరీక్షలో రంగు పసుపుగానో ఆకుపచ్చగానో మారితే మంట గ్యాస్ వస్తోందన్నమాట. డీజిల్‌కు ఐడిలింగ్‌లో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి బండిని లోడుతో తిప్పి తెచ్చి, ఒత్తిడి దిగేదాకా చల్లారనిచ్చి మూత తీసి, అప్పుడు చేయండి. హెడ్డు విప్పితే గ్యాస్కెట్ మార్చేసి ఊరుకోవద్దు. వంపు చూడాలి, వాల్వుల మధ్య పగుళ్ళకు వేడినీటిలో ప్రెషర్ టెస్ట్ చేయించాలి, లైనరు ఎత్తు డయల్ గేజితో కొలవాలి.

పసుపూ లీక్ పౌడర్లూ వేయొద్దు. అవి ముందు ఆయిల్ కూలర్, హీటర్ల సన్నదారులనే మూస్తాయి. పని అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి, లోపలి గాలి బయటికి పోయే స్క్రూ తెరిచి మెల్లగా నింపండి. రంగు చూసి రెండు రకాల కూలెంట్లు కలపొద్దు. ఒలికింది వెంటనే కడిగేయండి. దాని తీపికి కుక్కలు నాకుతాయి, అది విషం. లోడుతో నూరు కిలోమీటర్లు తిప్పి, చల్లారాక గీత చూడండి. వరుసగా మూడు తెల్లవార్లు మట్టం అదే గీత దగ్గర ఉంటే లీకు మూసుకున్నట్టే.