తరగతి పరిశీలన: ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి, ఏం రాయాలి

"పాఠం చక్కగా బోధించారు, విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు." డీ.ఈఎల్.ఈడీ. (ప్రాథమిక బడి టీచర్ల శిక్షణ కోర్సు) చేసేవాళ్లు బడిలో తరగతులు చూసి రాసే పరిశీలన రికార్డుల్లో ఈ వాక్యం కనబడని పేజీ అరుదు. బడి గడప తొక్కకుండానే రాయగల మాట ఇది. రేపు మీరే సుద్దముక్క పట్టుకున్నప్పుడు ఇది దేనికీ అక్కరకు రాదు.

రికార్డు ఇంటి దగ్గర సాపుగా రాసుకోవచ్చు. తరగతిలోకి మాత్రం చిత్తు పుస్తకం తీసుకెళ్లి, పేజీని మూడు నిలువు గళ్లు చేయండి: టైము, చూసింది–విన్నది, అనిపించింది. పీరియడ్ నడిచినంతసేపూ మూడో గడి ఖాళీగానే ఉండాలి. "ఆ అబ్బాయికి శ్రద్ధ లేదు" అన్నది మూడో గడి మాట. "11.20: రెండో వరుస చివరి అబ్బాయి పెన్సిలు చెక్కుతున్నాడు, నోటుబుక్కులో తేదీ తప్ప ఏమీ లేదు" అన్నది రెండో గడిది. మూడోదాన్ని ఆ రోజు సాయంత్రంలోపే నింపాలి. పిల్లల పేర్లు వద్దు, వరుస నంబర్లు చాలు.

వెనక బెంచీలో కూర్చుంటే వీపులే కనబడతాయి. నల్లబల్ల పక్క మూలలో, పిల్లల ముఖాలు కనిపించేలా కూర్చోండి. మొదటి ఒకటి రెండు రోజులు పిల్లలు పాఠం మానేసి మిమ్మల్నే చూస్తారు. ఆ రోజుల లెక్కలు నమ్మకండి.

ఎవరెక్కడ కూర్చున్నారో పటం గీసి, టీచర్ ఎవరిని ప్రశ్న అడిగితే వారి గడిలో టిక్కు పెట్టండి. అందరూ కలిసి అరిచిన జవాబుకు వేరే గుర్తు ఉండాలి. పీరియడ్ అయ్యాక చూస్తే టిక్కులన్నీ ఏ వరుసలో పోగుపడ్డాయో, ఎవరి గడి ఖాళీగా ఉందో తెలుస్తుంది. ప్రశ్న వేశాక టీచర్ ఎన్ని సెకన్లు ఆగారో కూడా లెక్కపెట్టండి. అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్సు తరగతుల్లో గమనించింది ఇదే: టీచర్లు ఆగేది సెకను దగ్గరే, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి.

తెలుగు పీరియడ్‌లో అందరూ కలిసి చదువుతుంటే మోసపోకండి. వాళ్లలో కొందరు కంఠతా వచ్చింది అప్పజెబుతుంటారు. టీచర్ అనుమతితో, తరగతి అయ్యాక పేజీ మధ్యలో ఒక పదం మీద వేలుపెట్టి చదవమనండి. మొదటి వాక్యం నుంచి మొదలుపెడితే తప్ప ఆ పదం దగ్గరికి రాలేకపోతే, వచ్చింది పాఠమే, చదవడం కాదు. లెక్కల్లో తప్పును తప్పుగా గుర్తించి వదిలేయకండి, ఎలా వచ్చిందో రాయండి. 42 – 17 = 35 వేసిన పిల్లకు తీసివేత రాదని కాదు; ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది. "పువ్వు"ను "పువు" అని రాసినప్పుడు, నోటితో పలికించి చూడండి. సరిగ్గా పలికితే ఇబ్బంది ఒత్తు రాయడంలోనే ఉంది.

విద్యా హక్కు చట్టం లెక్కన ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. అంటే ఐదు తరగతులు ఇద్దరి చేతిలో. కాబట్టి పాఠం నడుస్తున్న తరగతినే చూస్తే సగం పరిశీలనే. ప్రతి 5 నిమిషాలకోసారి అదే గదిలో కూర్చున్న మరో తరగతి పిల్లల వైపు తిరగండి: వాళ్లకిచ్చిన పనేమిటి, ఎప్పటికి అయిపోయింది, ఆ తర్వాత ఏం చేస్తున్నారు? బహుతరగతి బోధనలో అసలు కిటుకు అక్కడే దొరుకుతుంది.

పీరియడ్ అయ్యాక తీర్పులు చెప్పకుండా కారణం అడగండి: "మేడం, ఆ లెక్కకు పుల్లల కట్టలు ముందు చూపించి, తర్వాత బోర్డు మీద వేశారు కదా, ఎందుకండీ?" చిత్తు పుస్తకం అడిగితే ఇవ్వండి, టీచర్ చదివితే ఇబ్బందిపడే మాట అందులో ఉండకూడదు.

టీచర్ సెలవులో ఉంటే తరగతి మీకే అప్పజెబుతారు, తప్పదు. ఆ రోజు పరిశీలన పేజీ నింపకండి. "బోధన" అని రాసి తేదీ వేసి, తగ్గిన పీరియడ్‌ను మరో రోజు చూసేందుకు ప్రధానోపాధ్యాయుల్ని అప్పుడే అడిగిపెట్టుకోండి.