అమలు వ్యూహాల నమోదు – 3వ పాఠం: ‘ఎందుకు’ అనే గడి

చికిత్స వేరు, దాన్ని ఆసుపత్రిలో నిలబెట్టడానికి పడే పాట్లు వేరు అని గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ పాట్లే అమలు వ్యూహాలు. ఈసారి వాటిని రాసిపెట్టే పని.

‘శిక్షణ ఇచ్చాం’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఒక వ్యూహాన్ని వర్ణించడానికి ప్రాక్టర్, పావెల్, మెక్‌మిలెన్ 2013లో ఏడు అంశాలు సూచించారు: ఎవరు చేశారు, ఏం చేశారు, ఎవరిలో లేదా దేనిలో మార్పు కోరి చేశారు, ఏ దశలో, ఎంత మోతాదులో, ఏ అమలు ఫలితం కోసం, ఏ కారణంతో. పట్టికలో ఒక్కో అంశానికి ఒక్కో గడి. మొదటి ఐదు గడులు చకచకా నిండుతాయి. కలం ఆగేది చివరి గడి దగ్గరే. ఒక ఊహా నమోదు చూడండి:

‘మార్చి 4. ప్రాజెక్టు మొదలైన రెండో నెల. సీనియర్ నర్సు మరో ఆరుగురు నర్సులకు రక్తపోటు కొలిచే పద్ధతిని 40 నిమిషాలు చేసి చూపించారు. ఆశించిన ఫలితం: పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడం. కారణం: గత నెల కొలతల్లో చాలావరకు సున్నాతోనే ముగిశాయి, అందాజుగా రాస్తున్నారని అనుమానం.’

ఆ చివరి వాక్యం ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు. అడిగితే ‘మొదటి నుంచీ మా ప్రణాళికలో ఉంది’ అంటారు. అబద్ధమాడాలని కాదు, జ్ఞాపకానికి గతాన్ని చక్కదిద్దే అలవాటు ఉంది. అందుకే ప్రాజెక్టు ముగిశాక చేసే ఇంటర్వ్యూల మీదే ఆధారపడటం నాకు నచ్చదు. సమావేశాల మినిట్స్ ఎలాగూ ఉంటాయి, కానీ వాటిలో కనిపించేది నిర్ణయం. అది అమలైందో లేదో తెలియదు. వారం వారం నింపే లాగ్ మేలు. అయితే అది పది నిమిషాల్లో పూర్తి కావాలి, లేకపోతే మూడో వారానికే అటకెక్కుతుంది.

లాగ్‌లో ఖాళీ గడి ఉంచకండి. పని జరగలేదా, జరిగినా రాయలేదా అన్నది ఖాళీ చెప్పదు. ‘ఈ వారం ఏమీ చేయలేదు’ అని రాయండి; అదీ సమాచారమే.

పేర్ల సంగతి: అమలు వ్యూహాలకు నిపుణులు పేర్లు, నిర్వచనాలు కుదిర్చిన ఎరిక్ (ERIC) జాబితా 2015లో వచ్చింది, అందులో 73 వ్యూహాలున్నాయి, పేర్లు అక్కడి నుంచే తీసుకోండి. వ్యూహం మధ్యలో మారితే పాత వరుసను దిద్దకుండా కొత్త వరుస రాయండి. ముందే అనుకున్న మార్పా, అడ్డంకి ఎదురై చేసిన మార్పా అన్నదీ చేర్చండి. ఇలాంటి మార్పుల కోసమే 2021లో ఫ్రేమ్-ఐఎస్ అనే చట్రం వచ్చింది. దానికి విడిగా ఒక పాఠం కేటాయిద్దాం.

అభ్యాసం: మీ బృందం చివరి రెండు సమావేశాల మినిట్స్ తీసుకుని మూడు వ్యూహాలను ఏడు గడుల్లోకి ఎక్కించండి. అదే పని ఒక సహోద్యోగితో విడిగా చేయించి, రెండూ పక్కపక్కన పెట్టండి. ‘ఇది వ్యూహమా, రోజువారీ పనా?’ అన్న చోట పేచీ రావచ్చు. వస్తే ఆ వాదనను చెరపకుండా రాసి ఉంచండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.